పదకొండు టిక్కులు

సంతోషకుమారి కొండల్లోని సొంత ఊరు కిరండూల్ వచ్చింది నాలుగు రోజుల సెలవు మీద. నాయనమ్మ ఎర్రమ్మ పోయి ఏడాది అయింది. ఆదివారం తెలుగు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. మంగళవారం బండెక్కి, విశాఖపట్నంలో మారి, పుణె చేరుకోవాలి. కానీ ఆదివారం ప్రార్థన ముగిసి, భోజనాలు వడ్డిస్తుండగా పట్టుకున్న వాన సోమవారం వదల్లేదు. మంగళవారం ఉదయం ఆమె సంచి భుజాన వేసుకుని గొడుగు విప్పుతుండగా, పట్టాల గ్యాంగులో పనిచేసే హుంగా మోకాళ్ళదాకా బురదతో క్వార్టరు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బండి లేదు సార్," అన్నాడు ఆమె తండ్రి జయరావుతో. "కమలూర్ దాటినాక కట్ట మొత్తం కొట్టుకపోయింది. పట్టాలు గాల్లో ఏలాడుతున్నయ్. కింద మట్టే లేదు."

"ఎంత దూరం?"

"ఏంది చెప్పేది సార్. అటు ఒడ్డున మనిషి నిలబడితే చెయ్యి కనబడుతుంది, మాట వినబడదు. అంత."

మధ్యాహ్నానికి దంతెవాడ రోడ్డు మీద కల్వర్టు కూలిందని తెలిసింది. సాయంత్రానికి ఫోన్లు మూగబోయాయి. టవర్లకు వచ్చే తీగ కూడా ఆ కల్వర్టు పక్కనుంచే వెళ్తుందట. వెనక కొండ, ముందు వాగు. మధ్యలో కిరండూల్. సంతోషకుమారి సంచి దించి మంచం కింద పెట్టింది.

ఆమెకు ముప్ఫై ఒకటి. పుట్టిందీ పెరిగిందీ ఈ రైల్వే క్వార్టర్లలోనే. తాత శృంగవరపుకోట దగ్గరి పల్లెనుంచి ఈ లైను వేసినప్పుడు వచ్చాడు. తండ్రి గూడ్సు బండ్ల వ్యాగన్లను పరీక్షించే పనిలో ఉన్నాడు. ఇనుప ఖనిజం నింపుకుని కొండ దిగే ప్రతి బండికీ చక్రాలూ బ్రేకులూ చూసి, ఇది వెళ్ళొచ్చు అని కాగితం మీద సంతకం పెట్టాలి. సంతోషకుమారి జగదల్‌పూర్‌లో పాలిటెక్నిక్ చదివి, హైదరాబాదులో ఒక సెన్సర్ల ఫ్యాక్టరీలో చేరింది. అక్కడే ఆమె చేతికి అసలు పని తగిలింది. మైక్రోస్కోపు కింద, తల వెంట్రుకలో మూడో వంతు మందం ఉన్న అల్యూమినియం తీగను ఒక చివర చిప్‌కూ ఇంకో చివర దాని చుట్టూ ఉన్న లోహానికీ అతికించే పని. ఊపిరి బిగబట్టి చేయాలి. ఏడాది తిరిగినా ఆ ఫ్యాక్టరీలో ఆమె వేసిన తీగ తెగిందన్న ఫిర్యాదు రాలేదు. అలా ఆ నోటా ఈ నోటా పడి, పుణెలోని ఒక పరిశోధనాలయానికి ఆమె పేరు చేరింది. అక్కడ ఒక ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఆరు నెలలకో కాగితం. అయిదేళ్ళలో పది కాగితాలు.

ఆ పరిశోధనాలయంలో చేస్తున్నది ఆకాశాన్ని చూసే ఒక పరికరం. చాలా దూరంలో ఉన్న గెలాక్సీల నుంచి కంటికి కనబడని వెలుగు వస్తుంది. రేడియో తరంగాలకు దగ్గరి బంధువు లాంటిది. దాన్ని రంగులుగా విడగొడితే, అక్కడ ఏ వాయువు ఉందో, ఆ గెలాక్సీ ఎంత పాతదో తెలుస్తుంది. అలా విడగొట్టే యంత్రాలు ఇదివరకు ఒక గదిలో సగం ఆక్రమించేవి. సంజయ్ అనే పరిశోధక విద్యార్థి మూడేళ్ళుగా దాన్ని రెండు వేళ్ళ వెడల్పు చిప్ మీదికి తెస్తున్నాడు. నయోబియం కలిసిన పల్చటి పొర మీద మూడు వందల నలభై సన్నని దారులు గీశాడు. ఒక్కో దారి ఒక్కో రంగును మాత్రమే లోపలికి రానిస్తుంది. ఇదంతా పనిచేయాలంటే, ఇంతకన్నా చలి ఉండదని చెప్పే అట్టడుగు సున్నకు పావు డిగ్రీ దగ్గరిదాకా చిప్‌ను చల్లబరచాలి. అప్పుడు ఆ పొరలో కరెంటుకు అడ్డనేదే ఉండదు. కంప్యూటరు తెర మీద ఒక గీత వస్తుంది. ఆ గీతలో మూడు వందల నలభై చోట్ల సన్నగా, లోతుగా గోతులు పడాలి. గొయ్యి ఎంత పదునుగా ఉంటే ఆ దారి అంత బాగా వింటున్నట్టు.

ఆ చిప్ చుట్టూ నాలుగు వందల పన్నెండు తీగలు వేసింది సంతోషకుమారి. అందులో ఒక్కటి కూడా రెండోసారి చూడాల్సిన అవసరం లేదని సంజయ్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

మే నెలనుంచి అంతా చెడింది. కొత్త చిప్‌ను మూడుసార్లు చల్లబరిచారు. మూడుసార్లూ గోతులు మొద్దుబారి వచ్చాయి. ఒకచోట నిలవకుండా అటూ ఇటూ జరిగిపోయాయి. మొదట తీగలను అనుమానించారు. ఆమె మొత్తం తెంపి మళ్ళీ వేసింది. తేడా లేదు. అప్పుడు అందరి చూపూ సంజయ్ మీదికి తిరిగింది. పొర సరిగా పడలేదని ప్రాజెక్టు నడిపే కల్యాణి మేడమ్ తేల్చింది. ఆమెది రాజమండ్రి. నెమ్మదిగా, స్పష్టంగా, ఎదుటివాడు తప్పించుకునే సందు లేకుండా మాట్లాడుతుంది. ఆమె సెలవు ముగిసిన తరవాతి వారం, గురువారం సమీక్ష. ఆ లోపు గోతులు బాగుపడకపోతే ఈ చిప్‌ను పక్కన పెట్టి, టెలిస్కోపుకు పాత పద్ధతి యంత్రాన్నే పంపుతారు. సంజయ్ మూడేళ్ళ పని మూలన పడుతుంది. సెలవుకు బయలుదేరిన రోజు సంతోషకుమారి అతని బల్ల పక్కనుంచి వెళ్తుంటే, అతను తల ఎత్తలేదు. నాలుగోసారి చల్లబరచడం మొదలుపెట్టి, తెర ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు.

బుధవారం వాన తగ్గి తుంపరగా మారింది. బండ్లు లేవు కాబట్టి జయరావుకు పని లేదు. వరండాలో పీట వేసుకుని, పాత డబ్బాలోని నట్లూ బోల్టులూ బోర్లించి వేరుచేస్తున్నాడు. అతని దగ్గర తాడు కట్టిన ఒక అయస్కాంతం ఉంది, ఏదో పాత స్పీకరులోది. కంకరలో పడిపోయిన పిన్నులను దానితో లాగుతాడు. సంతోషకుమారి సంచి అడుగు తడిసి వాసన వేస్తుంటే, లోపలి సామాను వరండాలో ఆరబెడుతోంది. లాబ్‌లో వేసుకునే కోటు జేబులోంచి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా జారి నేల మీద పడింది. మూత ఊడి, చిప్ పెట్టె బిగించగా మిగిలిన రెండు వాషర్లు దొర్లాయి. పప్పు బద్ద అంత ఉంటాయి. పసుపుపచ్చగా మెరుస్తాయి.

"ఉండమ్మా, నాను తీస్తాను," అని జయరావు తాడు ఆడించాడు.

రెండు వాషర్లూ టక్కున ఎగిరి అయస్కాంతానికి అంటుకున్నాయి.

అతను వాటిని ఊడదీసి కూతురి చేతిలో పెట్టబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"ఇంకోసారి పెట్టు నాన్నా."

"ఏటి?"

"అయస్కాంతం దగ్గర పెట్టు. నాకు చూపించు."

పెట్టాడు. అంటుకున్నాయి. ఆమె ఒకదాన్ని తీసుకుని గడప రాతి మీద గీకింది. పసుపు రంగు పూత పోయి, కింద తెల్లటి ఉక్కు బయటపడింది.

అవి బెరీలియం కలిపిన రాగివి అయి ఉండాలి. రాగి అంటుకోదు. చిప్‌ను ఉంచే పెట్టె మూతకు నాలుగు మరలు, ఒక్కో మర కింద ఒక వాషరు. బయటి అయస్కాంత ప్రభావం లోపలికి రాకుండా ఆ పెట్టె చుట్టూ రెండు పొరల కవచం ఉంటుంది. ఇవి ఆ కవచానికి లోపల ఉన్నాయి. చిప్ చల్లబడే క్షణంలో పక్కన ఏ కొంచెం అయస్కాంతత్వం ఉన్నా, అది ఆ పొరలో చిక్కుకుపోతుంది. మళ్ళీ వేడెక్కిస్తే తప్ప వదలదు. గోతులు మొద్దుబారతాయి. ఒకచోట నిలవవు. ఈ సంగతి సంతోషకుమారికి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే పెట్టెలోకి వెళ్ళే ప్రతి వస్తువునూ ముందు అయస్కాంతంతో పరీక్షించి, షీటు మీద టిక్కు పెట్టి, సంతకం చేయాలన్న నియమం ఉంది. ఆ సంతకం ఆమెదే.

మే నెలలో ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. పరీక్షకు వాడే అయస్కాంతాన్ని పక్క లాబ్‌వాళ్ళు తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదు. సంజయ్ మూత బిగించేందుకు ఎదురుచూస్తున్నాడు. వచ్చిన ప్యాకెట్ ఎప్పుడూ వచ్చే ప్యాకెట్టే, అదే లేబులు. రెండు వందలసార్లు చూసింది, రెండు వందలసార్లూ రాగే. ఆమె పెన్ను తీసి పైనుంచి కిందికి పదకొండు టిక్కులు పెట్టి సంతకం చేసింది. అర నిమిషం పట్టిందేమో.

"ఏటమ్మా అలా కూకుండిపోయావు? లోపలికి రా, జల్లు కొడతంది," అంది తల్లి గుమ్మంలోంచి.

ఆ పూట సంతోషకుమారి అన్నం ముందు కూర్చుని కెలికి లేచింది. ఫోను తీసి చూసింది. సిగ్నలు లేదు. రైల్వే స్టేషనుదాకా నడిచింది, బజారుదాకా నడిచింది, కొండవైపు ఎత్తుగా ఉన్న వాటర్ ట్యాంకు దగ్గరికి ఎక్కింది. ఎక్కడా లేదు. దిగి వస్తుంటే తన మనసు తనకే తెలిసింది. ఫోను పనిచేయనందుకు ఆమెకు ఎక్కడో హాయిగా ఉంది. చెప్పాలనుకున్నా చెప్పే దారి లేదు. వాన ఆపింది, తను కాదు. వచ్చే వారం గురువారందాకా ఇలాగే ఉంటే సమీక్ష అయిపోతుంది, సంజయ్ పొరను చెత్త కింద రాసేస్తారు, షీటు ఫైల్లో పడి ఉంటుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచనను తోసెయ్యాలని వేగంగా నడిచింది. అయినా ఆలోచన పోలేదు. ఇంటికి వచ్చినా గదిలో తిరుగుతూనే ఉంది. రెండు గదుల క్వార్టరులో నడవడానికి ఎనిమిది అడుగులు. గోడ దగ్గర తిరగాలి.

మర్నాడు ఉదయం తండ్రితో చెప్పింది. అతను వాషరు చేతిలో పట్టుకుని అంతా విన్నాడు. పరికరం సంగతి అతనికి సగమే అర్థమైంది. సంతకం సంగతి పూర్తిగా అర్థమైంది.

"ఉక్కు వచ్చినాదని చెప్పు," అన్నాడు చివరికి. "సరుకు పంపినోడు తప్పుడు ప్యాకెట్ పంపినాడు. అది నిజమే కదా? నువ్వు చూసినావా లేదా అన్నది ఎవులడిగినారు?"

"షీటు మీద చూసినట్టు ఉంది నాన్నా."

"ఉందిలే. అప్పుడు సరిగానే ఉంది, తరవాత ఏటైనాదో తెల్దు అను." అతను కూతురి వైపు చూడకుండా అన్నాడు. "నీది పర్మినెంటు కాదమ్మా. నాను సంతకం తప్పితే చార్జిషీటు ఇస్తారు, జవాబు రాసుకుంటాను, ఇంక్రిమెంటు కోస్తారు. నీకు చార్జిషీటు కూడా ఇవ్వరు. రేపటినుంచి రావద్దంటారు."

ఆమె తల ఊపింది. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆ రోజంతా ఆ మాటనే పట్టుకుని కూర్చుంది. తప్పుడు ప్యాకెట్ వచ్చింది, వాషర్లు మార్చండి. అంతే చెబితే చాలు. సంజయ్ బయటపడతాడు. తనూ బయటపడుతుంది. ఇంకేం కావాలి?

సాయంకాలం ప్రార్థనకు కూర్చున్నప్పుడు తల్లి కీర్తన పాడుతోంది. సంతోషకుమారి కళ్ళు మూసుకుని షీటునే చూస్తోంది. వరసలు గుర్తు తెచ్చుకుంటోంది. ఒకటి, మూత మరలు. రెండు, వాషర్లు. మూడు, చిప్‌ను నొక్కి పట్టే క్లిప్పులు. నాలుగు, కనెక్టరు పిన్నులు. అక్కడ ఆగిపోయింది. ఆ రోజు చూడనిది వాషర్లను మాత్రమే కాదు. పదకొండిట్లో ఒక్కటి కూడా చూడలేదు. వాషర్లు మాత్రమే మార్చమంటే మిగతా పదింటి మీద టిక్కు అలాగే ఉంటుంది. సంజయ్ ఆ టిక్కును నమ్ముతాడు. నమ్మడానికే ఆ టిక్కు. క్లిప్పు కూడా ఉక్కుదైతే అయిదోసారి కూడా గోతులు మొద్దుబారే వస్తాయి. అప్పుడిక ఎవరూ ఏమీ వెతకరు.

సగం చెప్పడానికి వీల్లేదు. ఆమె కళ్ళు తెరిచింది. తల్లి ఇంకా పాడుతూనే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం హుంగా మళ్ళీ వచ్చాడు. కట్ట కొట్టుకుపోయిన చోట అటూ ఇటూ స్తంభాలు పాతి తాత్కాలికంగా తీగ లాగారని, స్టేషన్ల మధ్య నడిచే కంట్రోల్ ఫోను ఒక్కటి మాట్లాడుతోందని చెప్పాడు. పనివాళ్ళకు, సామానుకు కబుర్లు పంపుకోవాలి కాబట్టి అన్నింటికన్నా ముందు దాన్ని బాగుచేశారు. జయరావు చొక్కా వేసుకున్నాడు.

"పద," అన్నాడు. "నీ ఇష్టం వచ్చినట్టే చెప్పు. సన్యాసిరావు గారిని నానడుగుతాను."

స్టేషను మాస్టరు సన్యాసిరావు ముందు ఒప్పుకోలేదు. అది సొంత మాటలకు వాడే ఫోను కాదు. కిరండూల్‌నుంచి విశాఖపట్నందాకా ఒకే లైను, ఎక్కడ రిసీవరు ఎత్తినా అందరికీ వినబడుతుంది. అక్కడ కూర్చుని బండ్లను నడిపించే కంట్రోలరు వింటే తన ఉద్యోగానికే చేటు.

"రెండు నిమిషాలు బాబూ," అన్నాడు జయరావు. "అటు సురేష్‌బాబు ఉన్నాడు కదా, మా అన్నయ్య కొడుకు. కంట్రోల్ ఆఫీసులోనే. ఆడు రాసుకుని, ఆడి మొబైల్లోంచి పుణెకు చెప్తాడు. అంతే."

"ప్రాణం మీదికొచ్చిందా?"

"ప్రాణం కాదండి," అంది సంతోషకుమారి. "ఒకతని మూడేళ్ళ పని. ఈ రోజు చెప్పకపోతే మళ్ళీ చల్లబరచడానికి రోజులు సరిపోవు."

సన్యాసిరావుకు ఆ మాట ఏమర్థమైందో ఏమో, కంట్రోలరుతో తనే మాట్లాడాడు. కంకర బండి సంగతీ క్రేను సంగతీ చెప్పి, చివర నసుగుతూ ఈ కబురు అడిగాడు. అవతలనుంచి సరే అన్నారు. సురేష్‌బాబు లైనులోకి వచ్చాడు. రిసీవరు ఆమె చేతిలో పెట్టి సన్యాసిరావు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అన్నయ్యా, కాగితం తీసుకో. సంజయ్ నంబరు రాసుకో. నేను చెప్పింది చెప్పినట్టు హిందీలో చదివి వినిపించు."

"చెప్పమ్మా."

"మూత కింద వాషర్లు ఉక్కువి. అయస్కాంతానికి అంటుకుంటున్నాయి. వెంటనే వేడెక్కించి, తెరిచి, తీసేసి, మళ్ళీ చల్లబరచండి."

"వాషర్లంటే మన బోల్టుల కింద వేస్తారు, అవేనా?"

"అవే. చిన్నవి. ఇంకా రాయి. మే నెల షీటులో పదకొండు టిక్కులు నేను పెట్టినవి. ఆ రోజు ఒక్కటి కూడా పరీక్షించలేదు. పదకొండూ మళ్ళీ చూడండి. తప్పు పొరది కాదు."

లైనులో ఎవరో దగ్గారు. ఏ స్టేషనో తెలియదు. ఎంతమంది రిసీవర్లు ఎత్తి వింటున్నారో తెలియదు. బచేలీలో, దంతెవాడలో, జగదల్‌పూర్‌లో తన తండ్రిని ముప్ఫై ఏళ్ళుగా ఎరిగినవాళ్ళు.

"సంతోషా," అన్నాడు సురేష్‌బాబు గొంతు తగ్గించి, "టిక్కుల మాట కూడా పంపమంటావా? వాషర్లు తీసెయ్యమంటే సరిపోదా?"

"సరిపోదు. అదే ముందు చదువు."

రిసీవరు పెట్టేసింది. స్టేషను మెట్లు దిగింది. జయరావు గొడుగు ఆమెవైపే వంచి పట్టుకుని నడిచాడు.

ఆ తరవాత అయిదు రోజులు ఏ కబురూ లేదు. కంట్రోల్ ఫోను కంకరకూ కూలీలకూ సరిపోవడం లేదు. రోజూ వెళ్ళి అడగడానికి మొహం చెల్లలేదు. బజారులో కూరగాయల ధర మూడింతలైంది. పాలపొడి అయిపోయింది. చర్చిలో ఒకావిడ దగ్గరికి వచ్చి, "ఏదో సంతకం గొడవంట కదమ్మా?" అని జాలిగా అడిగింది. లైను మీద విన్నవాళ్ళు ఇంట్లో చెప్పారు, ఇంట్లోవాళ్ళు బజార్లో చెప్పారు. సంతోషకుమారి రోజూ మనసులో లెక్క వేసుకునేది. శనివారం వేడెక్కిస్తుంటారు. ఆదివారం తెరుస్తారు. సోమవారం చల్లబరిచే పంపులు ఆన్ చేస్తారు. లేకపోతే ఏమీ చేయలేదేమో. సురేష్ అన్నయ్య ఫోను చేసినప్పుడు సంజయ్ ఎత్తలేదేమో. చదివి వినిపిస్తే తెలియని నంబరని నమ్మలేదేమో. గదిలో ఎనిమిది అడుగులు, మళ్ళీ ఎనిమిది అడుగులు. తల్లి విసిగి, "కూకోవే, నాకు తల తిరుగుతంది," అంది.

బుధవారం సాయంత్రం సన్యాసిరావు పోర్టరు చేత కబురు పెట్టాడు. ఆమె చెప్పులు సరిగా వేసుకోకుండానే పరుగెత్తింది. ఆయన ఒక చీటీ మీద తనే రాసి ఉంచాడు. విశాఖపట్నంలో సురేష్‌బాబు చెప్పింది, మధ్యలో గొంతు సరిగా వినబడక జగదల్‌పూర్ మాస్టరు మళ్ళీ చెబితే రాసుకున్నది.

"వాషర్లు నాలుగూ, క్లిప్పు ఒకటీ అంటుకున్నాయంట," అని చదివాడు. "మొత్తం మార్చారంట. మూడు వందల నలభైలో మూడు వందల ఇరవై ఎనిమిది గోతులు పదునుగా ఉన్నాయంట. పేరు సంజయ్." కళ్ళద్దాలు పైకి తోసి ఆమెను చూశాడు. "గోతులు పడితే మంచిదేనా అమ్మా? ఇక్కడ ఒక్క గొయ్యి పడి తొమ్మిది రోజులుగా బండి లేదు."

"మంచిదేనండి," అంది. ఆ క్లిప్పు మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. సగం చెప్పి ఉంటే అది లోపలే ఉండిపోయేది. చీటీ మడిచి పట్టుకుని ప్లాట్‌ఫారం మీద కూర్చుంది. ఎదురుగా ఖాళీ వ్యాగన్లు వరసగా తడుస్తున్నాయి. ఆమెకు ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. ఆకలేసింది. వారం రోజుల్లో మొదటిసారి.

మర్నాడు సమీక్షలో చిప్ నెగ్గింది. ఆ సంగతి ఆమెకు తెలిసింది శనివారం, ఫోన్లు వచ్చాక. మొదటి కాల్ కల్యాణి మేడమ్‌ది.

"నువ్వు చెప్పకపోయి ఉంటే మాకు తెలిసేది కాదు," అంది మేడమ్. "అది నేను ఒప్పుకుంటాను. కానీ సంజయ్‌తో నేను మూడు నెలలుగా ఎలా మాట్లాడానో నువ్వు పక్కనే ఉండి విన్నావు."

"విన్నాను మేడమ్."

"నువ్వు చూశావన్న నమ్మకంతో మాట్లాడాను."

"తెలుసు మేడమ్," అంది సంతోషకుమారి.

"నేను రిపోర్టులో రాయాలి. రాస్తే ఏజెన్సీవాళ్ళు ఏం చేస్తారో నా చేతిలో లేదు."

"రాయండి మేడమ్."

జయరావు చెప్పినట్టే జరిగింది. చార్జిషీటు లేదు, విచారణ లేదు. సెప్టెంబరుతో ముగిసే కాంట్రాక్టును పొడిగించడం లేదని ఏజెన్సీ నుంచి రెండు వాక్యాల మెయిల్ వచ్చింది. కొట్టుకుపోయిన కట్ట బాగై బండ్లు నడిచేనాటికి ఆమెకు ఎక్కవలసిన బండి లేకపోయింది. పుణెలోని గదిలోని సామాను ఒక స్నేహితురాలు పార్సిల్లో పంపింది.

ఆ తరవాత ఏడు నెలలు కిరండూల్లోనే గడిచాయి. పక్కనున్న బచేలీ బజార్లో జాన్‌బాబు అనే అతను నడిపే మొబైల్ రిపేరు షాపులో కూర్చుంది. మైక్రోస్కోపు ఉంది, టంకం వేసే పని ఉంది. నీళ్ళలో పడిన ఫోన్లు, చార్జింగు ఎక్కని ఫోన్లు. సుక్మా వైపు పల్లెలనుంచి వచ్చేవాళ్ళతో గోండీలో రెండు మాటలు, పోలీసు క్యాంపు జవాన్లతో హిందీ, జాన్‌బాబుతో తెలుగు. చేతులు పని చేసుకుపోయేవి. సాయంత్రం జీపులో వెనక్కి వచ్చేటప్పుడు ఆమె బయటికి చూస్తూ కూర్చునేది. ఇదే దారి, ఇదే కొండ, ఇవే ఎర్రటి నీళ్ళు. ముప్ఫై ఏళ్ళు ఇలాగే తిరగొచ్చు. తనను ఎవరూ కట్టిపడేయలేదు. వెళ్ళడానికి చోటు లేదు, అంతే. తండ్రి రోజూ సంతకాలు పెట్టి వచ్చేవాడు. బండి చుట్టూ రెండోసారి నడిచి చూడటం మొదలుపెట్టాడని, దానితో ఆలస్యమవుతోందని తోటివాళ్ళు విసుక్కుంటున్నారని హుంగా ఒకసారి నవ్వుతూ చెప్పాడు.

సంజయ్ అప్పుడప్పుడూ ఫోను చేసేవాడు. "నాకు కోపం వచ్చింది," అన్నాడు మొదటిసారి చేసినప్పుడు, హిందీలో. "ఇంకా కొంచెం ఉంది. కానీ కొత్తగా వచ్చినవాడు తీగలు తెంపుతున్నాడు. నిన్న అరవై తెంపాడు." టెలిస్కోపుకు పంపాల్సిన అసలు చిప్ ఇంకా తయారుకాలేదని అప్పుడు తెలిసింది. తీగ ఏ కోణంలో దించాలో, సూది మొన ఎప్పుడు మార్చాలో ఆమె ఫోనులోనే చెప్పేది. అవతలివాడికి చేతకాలేదు.

మార్చి చివర కల్యాణి మేడమ్ మళ్ళీ ఫోను చేసింది. మూడు నెలల కాగితం. జీతం పాతదే. "ఒక షరతు ఉంది," అంది. "నువ్వు పరీక్షిస్తావు. సంతకం ఇంకొకరు, తను కూడా చూసి, పెడతారు. నీ సంతకం షీటు మీద ఉండదు. నీకు కష్టంగా ఉంటే ఇప్పుడే చెప్పు."

కష్టంగానే ఉంది. సంతోషకుమారి షాపు బయట ఎండలో నిలబడి ఆ మాట మింగింది. వస్తానంది. లోపలికి వెళ్ళి, బల్ల మీద విప్పి ఉన్న ఫోనును బిగించి, దానికోసం మద్దేడ్ నుంచి వచ్చి కూర్చున్న భీమే అనే ఆమె చేతిలో పెట్టి, చార్జింగు ఎక్కుతోందో లేదో ఆవిడనే చూసుకోమని, అప్పుడు జాన్‌బాబుతో చెప్పింది.

మూడు నెలల కాగితం ఇప్పటికి అయిదోసారి వచ్చింది. షరతు అలాగే ఉంది. కల్యాణి మేడమ్ దాన్ని ఎత్తేస్తానని అనలేదు, ఆమె అడగలేదు. చిప్ సముద్రాలు దాటి ఒక ఎత్తయిన ఎడారి కొండ మీదికి వెళ్ళింది. సంజయ్ దానితోపాటు వెళ్ళాడు. మొన్న ఒక మధ్యాహ్నం అక్కడినుంచి అతను ఒక బొమ్మ పంపాడు. మూడు వందల నలభై చుక్కలు వరసగా, దాదాపు నేలబారుగా ఉన్నాయి. నూట తొంభై ఆరో దారి దగ్గర నాలుగు చుక్కలు పైకి లేచి మళ్ళీ దిగాయి. భూమి పుట్టకముందు బయలుదేరిన వెలుగు అది, ఒక గెలాక్సీలోని కార్బన్ వాయువుది అని కింద రాశాడు. అందరూ వచ్చి చూశారు. ఎవరో మిఠాయి తెప్పిస్తామన్నారు.

సంతోషకుమారి బొమ్మను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది. నూట తొంభై ఆరో దారి చిప్‌కు ఎడమ అంచున ఉంటుంది. ఆ అంచున చిప్ కింది జిగురులో గాలి బుడగ పడి, తీగ నిలవక, తను నాలుగుసార్లు తెంపి వేసింది. ఫోను పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుని, మైక్రోస్కోపు మీదికి వంగింది. బల్ల మీద ఉన్నది తరవాతి చిప్. ఇంకా నూట ఇరవై తీగలు మిగిలి ఉన్నాయి.